గుండూ దారమూ, మార్సేయ్ దాకా

శంషాబాద్‌లో విమానం రన్‌వే మీద పరుగందుకోగానే హ్యాండ్‌బ్యాగులోంచి దారం తీసి పట్టుకున్నాను. దాని చివర ఇత్తడి గుండు వేలాడుతోంది. అమలాపురంలో మా ఇల్లు కట్టినప్పుడు గోడ నిటారుగా లేచిందో లేదో పెద్ద మేస్త్రీ చూసుకున్న గుండు అది. అప్పుడు మా అమ్మాయికి మూడేళ్ళు. పని ముగిసిన రోజున పిల్ల గుండుని చేతిలో పట్టుకుని వదలనంటే, "ఉంచుకోమ్మా" అని ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి ఇప్పుడు పారిస్‌లో ఉంటోంది. గుండు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

విమానం వేగం పెరుగుతున్న కొద్దీ గుండు నా వైపుకి జరిగింది. ఎవరో వెనక్కి లాగి పట్టుకున్నట్టు దారం ఏటవాలుగా నిలిచిపోయింది. ఎవరూ లాగలేదు. గుండు ఉన్నచోటే ఉండాలని చూస్తోంది, దారం పైకొస పట్టుకున్న నా చెయ్యి విమానంతో కలిసి ముందుకు ఉరుకుతోంది, అంతే. గాల్లోకి లేచి, ఎక్కాల్సిన ఎత్తు ఎక్కాక, గంటకి 900 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు మళ్ళీ దారం తీశాను. మా వరండాలో దూలానికి కట్టినట్టు నిటారుగా వేలాడింది. గ్లాసులో నీళ్ళు బల్లపరుపుగా ఉన్నాయి. కిటికీ తలుపు దించేస్తే, ఇంజను హోరు వినపడకపోతే, కదులుతున్నామో లేదో చెప్పగలిగే వస్తువు ఆ విమానంలో ఒక్కటీ లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పాను. "న్యూటన్ మొదటి నియమం వర్తించే నిర్దేశ చట్రం జడత్వ చట్రం, వర్తించనిది అజడత్వ చట్రం." రెండు మార్కుల ప్రశ్న. వాళ్ళు రాసేవాళ్ళు, నేను టిక్కు పెట్టేదాన్ని. ఆ వాక్యం వెనకున్నదాన్ని ఒక్క పిల్లకైనా, ఒక్క పిల్లాడికైనా చేతికి తగిలేలా చూపించానా అన్న బాధ పదవీ విరమణ తర్వాత ఎక్కువైంది. అందుకే ఈసారి అమ్మాయి రమ్మన్నప్పుడు గుండు కూడా వెంట తెచ్చుకున్నాను. చూడాల్సిన చోట్లు కూడా ముందే అనుకున్నాను. పారిస్‌లో భూమి తిరగడాన్ని ఫూకో చూపించిన పాంథియోన్ ఒకటి, ఓడ మీద గుండు జారవిడిచి గసెందీ చూసిన మార్సేయ్ రేవు రెండోది.

పారిస్ చేరబోతూ విమానం వంపు తిరిగినప్పుడు గుండు నాకో చిక్కు తెచ్చింది. కిటికీలో నేల పళ్ళెంలా వాలిపోయి కనిపిస్తోంది, ఒక రెక్క కిందికి దిగింది. దారం మాత్రం విమానం నేలకి నిట్టనిలువుగానే ఉంది. గ్లాసులో నీళ్ళూ అంచు దాటలేదు. వంపు తిరగడమంటే త్వరణం ఉన్నట్టే కదా, మరి దారం ఎందుకు ఒరగలేదు? కాసేపటికి తట్టింది. ఎంత వేగంతో తిరిగితే అంతకు సరిపడా పైలట్ విమానాన్ని ఒరిగిస్తాడు. భూమి లాగే లాగుడూ, తిరగడం వల్ల బయటికి తోసినట్టుండే అపకేంద్ర బలమూ కలిసి సరిగ్గా నేల వైపుకే ఉంటాయి. మారేది దిక్కు కాదు, బరువు. ఇరవై అయిదు డిగ్రీలు ఒరిగితే బరువు పదో వంతు పెరుగుతుంది. దారానికి జడ రబ్బరు బ్యాండు కట్టి ఉంటే ఆ సంగతి తెలిసేది. తిరుగు ప్రయాణంలో కట్టాను. వంపు వచ్చిన ప్రతిసారీ రబ్బరు రవంత సాగింది. దారం ఒరగలేదు కాబట్టి మనం జడత్వ చట్రంలో ఉన్నామనుకోవడానికి లేదని ఎన్ని క్లాసుల్లో చెప్పి ఉండాల్సింది!

పారిస్‌లో మొదటి పొద్దున మనవడు నన్ను రొట్టెల కొట్టుకి తీసుకెళ్ళాడు. వాడికి ఎనిమిదేళ్ళు. గుమ్మం దాటబోతుంటే ఆపి, "అమ్మమ్మా, ముందు బోంజూర్ అనాలి, తర్వాతే ఏదైనా అడగాలి" అన్నాడు. మా ఊళ్ళో కొట్టు ముందు నిలబడి "పంచదార అరకిలో" అంటే సరిపోతుంది, పలకరింపు చిల్లర పుచ్చుకునేటప్పుడు. ఇక్కడ పలకరింపు లేకుండా అడగడం చెప్పులతో గుమ్మం దాటినట్టు. నేను బోంజూర్ అన్నాను. కొట్టావిడ ముఖమంతా నవ్వుతో తిరిగి చెప్పి, పొడుగాటి రొట్టె నడుముకి కాగితం చుట్టి ఇచ్చింది. ఇల్లు చేరేలోగా రొట్టె కొస తుంచుకు తినడం అక్కడ అందరూ చేసే పనేనట. వేడి రొట్టె కొస పళ్ళ కింద అప్పడంలా విరిగింది.

పాంథియోన్ లోపల చలిగా, చాలా ఎత్తుగా ఉంది. వోల్టేర్, రూసో, మేరీ క్యూరీ విశ్రమించిన నేలమాళిగ దాని కిందే. గోపురం మధ్యలోంచి 67 మీటర్ల తీగ దిగుతుంది, చివర బంగారు రంగు గోళం. అది ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్ళి తిరిగి రావడానికి పదహారున్నర సెకన్లు. ఊయల మంచానికి కూడా అంత నిదానం తెలియదు. నేను ఊపిరి దానితో కలుపుకుని నిలబడిపోయాను.

లియోన్ ఫూకో కాలేజీలో లెక్కలు నేర్చినవాడు కాదు. చేతిపని వచ్చినవాడు, తొలితరం ఫోటోలు తీసినవాడు. 1851 జనవరిలో, వీధి బళ్ళ అదురు తగలకూడదని తన ఇంటి నేలమాళిగలో రెండు మీటర్ల తీగకి అయిదు కిలోల గుండు కట్టాడు. మూడో తారీకున తీగ తెగింది. మళ్ళీ కట్టాడు. ఎనిమిదో తారీకు తెల్లవారుజామున రెండు గంటలకి, గుండు ఊగే తలం మెల్లగా పక్కకి తిరుగుతున్నట్టు రాసుకున్నాడు. తర్వాత వేధశాల పెద్ద గదిలో శాస్త్రవేత్తలకి చూపించాడు. దేశాధ్యక్షుడు లూయీ నెపోలియన్ చొరవతో వసంతంలో ఇక్కడ, ఊరందరి కళ్ళ ముందూ, 28 కిలోల గుండు కట్టాడు. గుండు కింద ముల్లు. ఊగిన ప్రతిసారీ అంచున పోసిన తడి ఇసుక గట్టుని అది గీరేది, గీత గీతకీ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు జరిగేది. జనం గుమిగూడి ఇసుకను చూశారు.

నన్ను ఎక్కువగా కదిలించింది గుండుని వదిలిన పద్ధతి. చేత్తో వదిలితే వేలి తాకిడికి రవంత పక్క తోపు పడుతుంది, ఆ తోపే ఫలితాన్ని పాడుచేస్తుంది. అందుకని గుండుని ఒక పక్కకి లాగి దారంతో కట్టేసి, అదురు పూర్తిగా అణిగాక ఆ దారాన్ని నిప్పుతో కాల్చేవాడు. దారం తెగగానే గుండు తనంతట తాను బయలుదేరేది. ప్రకృతిని ప్రశ్న అడిగేటప్పుడు మన చెయ్యి వణుకు ప్రశ్నలో కలవకూడదన్న ఆ జాగ్రత్తని నేను భక్తి అనే అంటాను.

ఊగే తలాన్ని పక్కకి నెట్టేవాళ్ళు ఎవరూ లేరు. అది తిరగట్లేదు, దాని కింద నేల తిరుగుతోంది. కానీ ఆ నేల మీదే నిలబడ్డ మనకి, ఏదో కనపడని చెయ్యి గుండుని పక్కకి తోస్తున్నట్టు ఉంటుంది. ఆ తోపుకి లెక్క కట్టినవాడు కొరియాలిస్, ఆయనా ఈ ఊళ్ళోనే, 1835లో, ఫూకోకి పదహారేళ్ళ ముందు. మన పుస్తకాల్లో ఇలాంటివాటిని మిథ్యా బలాలు అంటాం. నాకెప్పుడూ ఆ పేరు తృప్తినివ్వలేదు. బస్సు మలుపులో పక్కవాళ్ళ మీద పడ్డ మనిషికి ఆ బలం మిథ్య ఏమిటి? తోసేవాడు లేకపోయినా పడటం నిజమే. తోసేవాడి కోసం వెతికి, ఎవరూ దొరకనప్పుడు, మన చట్రమే త్వరణంలో ఉందని తెలుసుకుంటాం.

బల్లల పక్కన పిల్లల గుంపు ఒకటి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాళ్ళ టీచరు చాలాసేపు ఏమీ చెప్పలేదు. ఒక కుర్రాడు వెల్లకిలా పడుకుని తీగ పైకొస ఎక్కడ కట్టారా అని చూస్తుంటే, కాపలా మనిషి వాడిని చూసి కూడా ఊరుకున్నాడు. "లేవరా, బట్టలు మాసిపోతాయి" అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో లోలకం సూత్రం, రెండు లెక్కలు, హోంవర్కు పూర్తి చేసిన దాన్ని నేను. అరగంట ఏమీ మాట్లాడకుండా పిల్లల పక్కన కూర్చోవడం నాకు రాలేదు.

మనవడు చుట్టూ గీసిన గీతల్లో ఒకదాని మీద కన్నేసి ఉంచాడు. ఇక్కడ తలం గంటకి పదకొండు డిగ్రీల చిల్లర తిరుగుతుంది, పూర్తి చుట్టుకి దాదాపు ముప్ఫై రెండు గంటలు. ధ్రువం దగ్గరైతే ఒక్క రోజులో చుట్టు పూర్తవుతుంది, భూమధ్యరేఖ మీద అసలు తిరగనే తిరగదు. అమలాపురం అక్షాంశానికి అక్కడే కాగితం మీద లెక్క వేశాను. గంటకి నాలుగు డిగ్రీల పైచిలుకు, చుట్టుకి దాదాపు ఎనభై నాలుగు గంటలు, అంటే మూడున్నర రోజులు. "మీ ఊళ్ళో భూమి మెల్లగా తిరుగుతుందా అమ్మమ్మా?" అని వాడు అడిగాడు. మెల్లగా కాదు, నాన్నా. ధ్రువం దగ్గర నేల నీ కాళ్ళ కింద చక్రంలా తిరుగుతుంది, భూమధ్యరేఖ దగ్గర నిన్ను మోసుకుని ముందుకి పోతుంది. మా ఊరు మోసుకుపోవడానికి దగ్గర, మీ ఊరు తిరగడానికి దగ్గర. వాడు చేతిలో కమలాపండు పట్టుకుని అగ్గిపుల్ల గుచ్చి తిప్పి చూశాక ఒప్పుకున్నాడు.

అక్కడికి నడిచేంత దూరంలోనే లక్సంబర్గ్ తోట. అందులో పాత గుర్రాల చక్రం ఉంది, పారిస్ ఒపేరా భవనం కట్టిన షార్ల్ గార్నియే గీసిన రూపం. గుర్రం మీద కూర్చున్న పిల్లలకి తలా ఒక కర్ర ఇస్తారు. చక్రం పక్కన నేల మీద ఒకతను చిన్న రింగులు వేలాడదీసి పట్టుకుంటాడు, పోతూ పోతూ కర్రతో రింగు తగిలించుకోవాలి. మనవడు కర్ర వద్దన్నాడు, గుండు కావాలన్నాడు. చక్రం జోరందుకున్నాక గుండు బయటి వైపుకి ఒరిగింది, అయిదారు డిగ్రీలు ఉంటుంది. చక్రం ఆగుతుంటే లోపలికి వచ్చింది, కొంచెం ముందుకి కూడా తూగింది. "రెండు పనులు చేసింది!" అని దిగి పరుగెత్తుకొచ్చాడు. తిరగడం ఒకటి, ఆగడం ఒకటి. రెండింటినీ విడదీసి చూశాడు వాడు. మా ఇంటర్ పుస్తకంలో ఆ రెండింటికీ వేరువేరు పాఠాలు.

ఆ రాత్రి వాష్‌బేసిన్ దగ్గర ఇంకో ప్రశ్న. భూమికి ఈ సగంలో నీళ్ళు ఒకవైపుకి, ఆ సగంలో ఇంకోవైపుకి సుడి తిరుగుతాయని వాడెక్కడో చూశాడు. పదిసార్లు నింపి వదిలాం. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగింది. బేసిన్ ఆకారం, కుళాయి పోసిన ఊపు, బిరడా లాగిన చెయ్యి, వీటి ముందు భూమి ప్రభావం ఎంత చిన్నదంటే, దాన్ని చూడటానికి అమెరికాలో షపీరో అనే ఆచార్యుడు 1962లో ఆరడుగుల వెడల్పు తొట్టిలో నీళ్ళు పోసి ఇరవై నాలుగు గంటలు కదపకుండా ఉంచాల్సి వచ్చింది. అప్పుడు కనిపించింది. ప్రతి సుడిలోనూ భూమి తిరుగుడు కనిపిస్తుందనడం తప్పు. ఓపికకి మాత్రం కనిపిస్తుంది.

మార్సేయ్‌కి వెళ్ళే టీజీవీ రైలు కదిలేసరికి మా దగ్గర రెండు పరికరాలున్నాయి. నా గుండు, మనవడి పుట్టినరోజు నాటి హీలియం బెలూను. రైలు స్టేషను వదిలి వేగం పుంజుకుంటుంటే ముప్ఫై సెంటీమీటర్ల నా దారం చివర గుండు ఒక సెంటీమీటరు వెనక్కి పోయింది. దారం పొడవుతో ఆ జరుగుడుని భాగించి 9.8తో హెచ్చిస్తే త్వరణం వచ్చేస్తుంది, సెకనుకి సెకనుకి మూడో వంతు మీటరు. ఇంత చవకైన కొలబద్ద ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ మనవడు నన్ను భుజం పట్టి ఊపేశాడు. వాడి బెలూను ముందుకి ఒరిగింది! గుండు వెనక్కీ బెలూను ముందుకీ. పెట్టెలోని గాలికీ బరువుంది, అదీ గుండులాగే వెనక్కి ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడి తేలికైన బెలూనుని ముందుకి నెడుతుంది. నీళ్ళు అడుక్కి దిగితే నూనె పైకి వచ్చినట్టే, ఇక్కడ కొత్త అడుగు రైలు వెనక వైపు.

బుర్గుందీ దాటేవేళకి రైలు గంటకి మూడు వందల కిలోమీటర్లు. బయట గుండ్రటి పచ్చిక గుట్టలు, వాటి మీద సున్నం వేసినంత తెల్లటి ఆవులు. కోనసీమలో ఎటు చూసినా నేల చదును, చూపు కొబ్బరి తల దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ చూపు గుట్ట మీంచి గుట్ట మీదకి పోతూనే ఉంటుంది. లోపల గుండు కదల్లేదు. రెండు యూరోల నాణెం ఒకటి తీసి బల్ల ఎత్తు నుంచి జారవిడిచాను. అది నేల తాకడానికి పట్టిన అర సెకను లోపు సమయంలో రైలు ముప్ఫై మూడు మీటర్లు ముందుకి పోయింది, దాదాపు రెండు పెట్టెల పొడవు. నాణెం సరిగ్గా నా చెప్పు పక్కన పడింది.

మూడోసారి జారవిడుస్తుంటే ఎదుటి వరసలో పెద్దాయన మాట కలిపాడు. అప్పటిదాకా ఆ పెట్టెలో ఎవరూ మా వైపు తలెత్తి చూడలేదు. మన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో అయితే ఈపాటికి చుట్టూ పదిమంది చేరి, ఇద్దరు వేరుశనక్కాయలు పెట్టి, ఒకరు దారం తాము పట్టుకుంటామని అడిగేవాళ్ళు. పెద్దాయన నాణేన్ని కాదు, గుండుని చూశాడు. "ఫిల్ ఆ ప్లోం" అన్నాడు, మేస్త్రీల గుండు అని. వాళ్ళ నాన్న పోర్చుగల్ నుంచి వచ్చి తాపీపని చేసి పిల్లల్ని పెంచాడట. గుండు ఒకసారి చేతిలోకి తీసుకుంటానని అమ్మాయి ద్వారా అడిగాడు. బరువు చూసి, దారం రెండు వేళ్ళ మధ్య జారనిచ్చి, అది ఊగకుండా అరచేత్తో ఎలా ఆపాలో చూపించాడు. మా పెద్ద మేస్త్రీ చెయ్యి కూడా అలాగే కదిలేది. భాష లేకపోయినా ఆ పనితనం ఇద్దరికీ ఒకటే.

ప్రొవాన్స్ చేరాక ఎండ రంగు మారింది, సున్నపు రాళ్ళ కొండలు, మొనదేలిన సైప్రస్ చెట్లు వచ్చాయి. మలుపుల్లో ఆ చెట్లన్నీ పక్కకి వాలినట్టు కనిపించాయి, గుండు మాత్రం పెట్టె నేలకి నిలువుగానే ఉంది. వాలినవి చెట్లు కావు. మలుపు దగ్గర పట్టాల బయటి అంచు ఎత్తు చేసి ఉంటుంది, అది పైలట్ చేసిన పనినే చేస్తుంది.

మార్సేయ్ స్టేషను బయటి నుంచి ఊళ్ళోకి నూట నాలుగు మెట్లు దిగాలి. దిగేసరికి పారిస్ మర్యాద, మెల్లటి గొంతులు వెనకబడ్డాయి. ఇక్కడ జనం గట్టిగా మాట్లాడతారు, చేతులు ఊపుతూ వాదిస్తారు, దారి అడిగితే నాలుగడుగులు వెంట వచ్చి చూపిస్తారు. నాకు కాకినాడ రేవులో దిగినట్టు ప్రాణం కుదుటపడింది. పాత రేవు గట్టున పొద్దున్నే పడవల వాళ్ళు నీలం తొట్లలో చేపలు పోసి అమ్ముతున్నారు, ఆడవాళ్ళు బేరం చేస్తున్నారు. శనగపిండిని జావలా ఉడికించి, ఆరబెట్టి, ముక్కలు కోసి నూనెలో వేయించే పనీస్ అనే చిరుతిండి కాగితం పొట్లంలో తిన్నాం. లోపల ఏమీ పెట్టని బజ్జీ. పైన కరకర, లోపల వెన్న. ఇక్కడి చేపల పులుసు బూయాబేస్‌లో మొదట పులుసు ఒక్కటే వడ్డిస్తారు, వెల్లుల్లి ముద్ద రాసిన రొట్టె ముక్కతో తినాలి, చేపలు తర్వాత విడిగా వస్తాయి. మన పులుసులో ముక్కా పులుసూ ఒక రాత్రి కలిసి ఊరితేనే రుచి. ఏది మేలంటే నేను మా వైపే, అయినా ఆ కుంకుమపువ్వు వాసన ఇంకా గుర్తుంది.

ఈ రేవులోనే, 1640లో, పియేర్ గసెందీ ఒక పొడుగాటి తెడ్ల ఓడ ఎక్కాడు. దీన్ఞ్ దగ్గరి పల్లెలో పుట్టిన మతగురువు, గలీలియోతో ఉత్తరాలు నడిపినవాడు. భూమి తిరుగుతుంటే ఎత్తు నుంచి వదిలిన రాయి వెనకబడి పడాలి కదా అని అప్పటి పండితుల అభ్యంతరం. ఓడ కదులుతుంటే తెరచాప కొయ్య మీంచి వదిలినది కూడా వెనకే పడుతుందని వాళ్ళ నమ్మకం. కదిలే ఓడ గదిలో సీతాకోకచిలుకలు, తొట్టిలో చేపలు, చుక్కలు చుక్కలుగా కారే నీళ్ళు, అన్నీ ఆగి ఉన్న ఓడలో ఉన్నట్టే ఉంటాయని గలీలియో 1632 పుస్తకంలో రాశాడు. ఆ మరుసటి ఏడు ఆయన్ని విచారించి ఇంట్లో బంధించారు. గసెందీ ఓడ ఎక్కేనాటికి ఆయనకి చూపు పోయింది. ప్రొవాన్స్ గవర్నరు సాయంతో గసెందీ ఓడని గట్టిగా తెడ్లు వేయించి పరుగెత్తించి, కొయ్య చివర నుంచి గుండు జారవిడిపించాడు. అది కొయ్య మొదట్లో పడింది.

ఆ తెడ్లు వేసినవాళ్ళ గురించే రేవు గట్టున ఎక్కువసేపు ఆలోచించాను. అప్పటి తెడ్ల ఓడల్లో గొలుసులతో కూర్చోబెట్టిన ఖైదీలు, బానిసలు ఉండేవాళ్ళు. వాళ్ళు ఆ ఓడని సమవేగంతో నడపబట్టే గుండు మొదట్లో పడింది. నిజానికి తెడ్డు పడిన ప్రతిసారీ ఓడ కాస్త ఉరుకుతుంది, తెడ్డు లేస్తే కాస్త తగ్గుతుంది. పూర్తిగా జడత్వ చట్రం కాదది. అయినా తేడా కంటికి ఆనలేదంటే అందరూ ఒకే ఊపున లాగారన్నమాట. ప్రయోగం పేరు గసెందీది. లాగినవాళ్ళ పేరు ఒక్కటీ మనకి మిగల్లేదు.

ఇఫ్ కోట ఉన్న దీవికి పడవలో వెళ్ళేటప్పుడు మిస్త్రాల్ గాలి మొదలైంది. రేవు నోరు దాటగానే గుండు ఒకచోట నిలవలేదు. ముందుకి, పక్కకి, మళ్ళీ ముందుకి. నాణెం వదిలితే ఒకసారి చెప్పు మీద, ఒకసారి బెంచీ కింద. మనవడికి కడుపులో తిప్పి నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. మన చెవి లోపల కూడా గుండూ దారమూ లాంటి ఏర్పాటే ఉంది. సన్నటి వెంట్రుకల మీద సున్నపు రేణువులు, వంకర గొట్టాల్లో ద్రవం. కళ్ళు పడవ లోపలి బెంచీని చూసి కదలట్లేదంటాయి, చెవి కదులుతున్నామంటుంది. వాడి తల బయటికి తిప్పి దీవిని చూడమన్నాను. కొంచెం నెమ్మదించాడు.

తిరిగి వస్తూ రేవు గోడల మధ్యకి రాగానే నీళ్ళు అద్దంలా అయ్యాయి. గుండు నిలబడింది. గట్టు మీది ఇళ్ళు వరసగా వెనక్కి జరుగుతున్నాయి. కోటిపల్లి రేవులో పంటు మీద నిలబడి, ముక్తేశ్వరం కొబ్బరిచెట్లు మా వైపుకి నడిచి వస్తున్నాయనుకున్న చిన్నతనం గుర్తొచ్చింది. క్రీస్తు శకం 499లో ఆర్యభటుడు ఇదే పోలిక వాడాడు. ముందుకి పోయే పడవలోని మనిషికి ఒడ్డున నిలిచిన వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, నిలిచి ఉన్న నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు కనిపిస్తాయని. తర్వాతి తరం వరాహమిహిరుడు ఒప్పుకోలేదు. భూమే తిరిగితే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు గూటికి తిరిగి ఎలా చేరతాయని అడిగాడు. అది తేలిగ్గా తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. దానికి కావలసిన జవాబు, వదిలిన వస్తువు తనను మోసుకొచ్చిన వేగాన్ని వదులుకోదన్న మాట, కొయ్య మొదట్లో పడ్డ ఆ గుండులో ఉంది. రేవు మీద సముద్రపు కాకులు చేపల తొట్ల వైపు దిగుతున్నాయి, ఒక్కటీ గురి తప్పడం లేదు.

సాయంత్రం సముద్రం పక్క ఇసుకలో మనవడు కాగితం కప్పు అడుగున పెన్సిలుతో చిల్లి పెట్టాడు. వేలు అడ్డం పెట్టి నీళ్ళు నింపి, రాతి గోడ మీద నిలబడి వేలు తీశాడు, సన్నటి ధార కారింది. అప్పుడు కప్పు వదిలేశాడు. పడుతున్నంతసేపూ ధార లేదు. నీళ్ళూ కప్పూ కలిసి పడుతున్నాయి, ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు. ఆ కప్పులో చీమ ఉంటే బరువన్నది ఏమిటో దానికి తెలియదు. ఇప్పటిదాకా చెప్పిందంతా న్యూటన్ లెక్క, నేల మీద నిలబడ్డవాళ్ళం దాదాపు జడత్వ చట్రంలో ఉన్నామని. ఐన్‌స్టీన్ 1907లో ఇలాగే పడిపోతున్న మనిషి గురించి ఆలోచించి లెక్క తిరగేశాడు. స్వేచ్ఛగా పడుతున్న కప్పుదే అసలైన జడత్వ చట్రం, గోడ మీద నిలబడి కాళ్ళ కింద రాయి తోపు తింటున్న మనమే త్వరణంలో ఉన్నట్టు. ఇది వాడికి చెప్పలేదు. వాడు పదకొండోసారి కప్పు నింపుకుంటున్నాడు.

మర్నాడు కొండ మీది నోత్రదామ్ ద ల గార్ద్ గుడికి ఎక్కాం. బయట మిస్త్రాల్ కండువాలు ఎగరగొడుతోంది. లోపల కప్పు నుంచి చిన్న చిన్న ఓడ బొమ్మలు తీగలకి వేలాడుతున్నాయి, తుపానుల్లోంచి బతికి వచ్చిన నావికులు మొక్కు తీర్చుకున్నవి. తెరచాప ఓడలు, పొగ ఓడలు. అంతర్వేదిలో మన జాలర్లు మొక్కుకునే మొక్కు గుర్తొచ్చి చేతులు జోడించాను. అంత గాలిలోనూ ఆ ఓడలు ఒక్కటీ కదలడం లేదు. "ఊపితే వీటి తలమూ తిరుగుతుందా?" అని మనవడు చెవిలో అడిగాడు. తిరుగుతుంది, ఇక్కడ గంటకి పది డిగ్రీలు. వాడు ఎంత ఎత్తో కొలుస్తున్నట్టు మెడ వెనక్కి వాల్చి నిలబడ్డాడు.

ఇంటికొచ్చి నెల అయింది. మా పాత కాలేజీ ఆటల మాస్టారు నాలుగు కిలోల షాట్‌పుట్ గుండు ఇచ్చారు, కంసాలి దానికి కొక్కెం అతికాడు. హాల్లో టేకు దూలానికి సన్నటి ఉక్కు తీగతో వేలాడదీశాను. మొదటి రాత్రి పైకొస ముడి సరిగ్గా లేక గుండు కోడిగుడ్డు ఆకారంలో చుట్లు తిరిగింది. రెండో రాత్రీ అంతే. మూడోరోజు ముడి విప్పేసి, తీగని రెండు ఇనప పలకల మధ్య బిగించాను. ముగ్గుపిండితో కింద గీత గీశాను. ఫ్యాను ఆపి, కిటికీలు వేసి, గుండుని నూలు దారంతో గోడ మేకుకి లాగి కట్టి, అదురు అణిగేదాకా అరగంట కూర్చున్నాను. ఫోనులో మనవడు, వెనకాల అమ్మాయి, పారిస్‌లో ఇంకా సాయంత్రమే. మూడు గంటలు ఊగితే దాదాపు పదమూడు డిగ్రీలు రావాలి.

"అమ్మమ్మా, ఇంకా కాల్చలేదా?"

ఇప్పుడే, కన్నా. అగరుబత్తి నిప్పు దారానికి ఆనించాను.